గడ్డ చేతికి తగలని రొమ్ము కేన్సర్: రెండో కోర్సు యాంటీబయాటిక్ మొదలుపెట్టే ముందు

రొమ్ము కేన్సర్ అంటే గడ్డ అనే అందరం అనుకుంటాం. ఆసుపత్రి గోడల మీది పోస్టర్లలో ఉండేదీ అదే, ఇంటికొచ్చిన ఆశా కార్యకర్త చెప్పేదీ అదే. చాలావరకు అది నిజమే. కానీ గడ్డగా రాని రకం ఒకటుంది. రొమ్ము కొద్ది వారాల్లోనే బరువెక్కుతుంది, వేడిగా ఉంటుంది, రంగు మారుతుంది, చర్మం దళసరి అవుతుంది. వేళ్లతో ఎంత తడిమినా గడ్డ మాత్రం దొరక్కపోవచ్చు. అందువల్ల జబ్బు వచ్చిన ఆమెకూ అనుమానం రాదు, చూసిన డాక్టరుకూ రాదు. దీని పేరు ఇన్‌ఫ్లమేటరీ బ్రెస్ట్ కేన్సర్. డాక్టర్లు పొట్టిగా ఐబీసీ అంటారు.

అమెరికా లెక్కల ప్రకారం మొత్తం రొమ్ము కేన్సర్లలో ఇది 1 నుంచి 5 శాతం. ట్యునీసియా లాంటి ఉత్తరాఫ్రికా దేశాల్లో ఇంకొంచెం ఎక్కువ. ఇంత అరుదు కాబట్టి ఉదయగిరి దగ్గరో కనిగిరి దగ్గరో పీహెచ్‌సీలో పనిచేసే డాక్టరు ఏళ్ల తరబడి ఒక్క కేసు కూడా చూడకపోవచ్చు. పాలు గడ్డకట్టి వాచిన రొమ్ములు, చీముగడ్డలు మాత్రం తరచూ చూస్తూనే ఉంటారు. ఎర్రగా వాచి వేడిగా ఉన్న రొమ్ము ఎదురైతే ముందు గుర్తొచ్చేది ఆ అలవాటైన జబ్బే.

నెల్లూరు, ప్రకాశం పల్లెల్లో ఇలాంటి వాపు సాధారణంగా ఏ దారిన పోతుందో చూద్దాం. మొదట 'వేడి చేసింది' అని సబ్జా గింజలు, మజ్జిగ. పాలిచ్చే తల్లి అయితే కాపడం. ఎరుపు పాకుతున్నట్టుంటే అక్కి అనుకుని జాజుతో రాయించడం. తగ్గకపోతే ఊళ్లోని ఆర్‌ఎంపీ దగ్గర ఇంజెక్షను, ఐదు రోజుల మాత్రలు. అప్పటికీ తగ్గకపోతే టౌనులో ఇంకో డాక్టరు, ఇంకాస్త పవరున్న యాంటీబయాటిక్. చివరికి 'గడ్డ పండింది, కోసి చీము తీయాలి' అన్న మాట. మధ్యలో నాట్లో, పొగాకు గ్రేడింగో ఉంటే 'ఈ పని అయ్యాక చూపించుకుందాం' అన్న వాయిదా. ఒక్కో మెట్టు దగ్గర పోయేది వారమో రెండు వారాలో. అన్నీ కలిపితే మూడు నాలుగు నెలలు. చెరువులో వెనామీ పిల్ల వదిలి పట్టుబడి చేసేంత కాలం అది. వారాల లెక్కన ముదిరే ఈ జబ్బుకు ఆ గడువు చాలా ఎక్కువ.

ఈ దారిలో మార్చాల్సింది ఒక్క చోట. మొదటి కోర్సు యాంటీబయాటిక్ ఇవ్వడం తప్పు కాదు. దానికి లొంగని వాపుకు పరీక్ష చేయకుండా రెండో కోర్సు ఇవ్వడం తప్పు.

లోపల ఏం జరుగుతుంది

మన చర్మం కింద సన్నటి శోషరస నాళాల వల ఉంటుంది. కణాల మధ్య మిగిలిన నీటిని తీసుకుపోయి చంకలోని బిళ్లల గుండా మళ్లీ రక్తంలో కలపడం వాటి పని. ఐబీసీలో కేన్సర్ కణాలు ముద్దలు ముద్దలుగా ఈ నాళాల్లోకి చేరి అడ్డం పడతాయి. పిల్లకాలువ తూముకు గుర్రపుడెక్క అడ్డుపడితే ఏమవుతుందో పెన్నా కింద సేద్యం చేసేవాళ్లకు చెప్పక్కర్లేదు. పోవాల్సిన నీరు వెనక్కి ఎగదన్ని మడి మునుగుతుంది. ఇక్కడ మునిగేది రొమ్ము చర్మం. వాపు, బరువు, ఎరుపు, వేడి, ఇవన్నీ ఆ అడ్డు వల్ల వచ్చినవే. సూక్ష్మజీవులకు ఇందులో పాత్ర లేదు కాబట్టి యాంటీబయాటిక్‌కు ఇక్కడ చేయగలిగిన పనీ లేదు.

ఇన్‌ఫ్లమేటరీ అన్న మాటే కొంత తప్పుదోవ పట్టిస్తుంది. అది 1924లో లీ, టానెన్‌బామ్ అనే ఇద్దరు అమెరికన్ డాక్టర్లు బయటికి కనిపించే రూపాన్ని బట్టి పెట్టిన పేరు.

గడ్డ ఎందుకు తగలదో కూడా ఇందులోనే తెలుస్తుంది. కేన్సర్ ఒకచోట ముద్దగా పెరగకుండా చర్మం పొడవునా, రొమ్ము అంతటా పలచగా పరుచుకుంటుంది. చేతికే కాదు, ఒక్కోసారి మామోగ్రామ్‌కూ గడ్డ కనబడదు.

కంటితో ఏం చూడాలి

వైద్య పుస్తకాలు దీని చర్మాన్ని నారింజ తొక్కతో పోలుస్తాయి. మనకు గూడూరు, పొదలకూరు నిమ్మ మార్కెట్లలో కుప్పపోసిన కాయలు చాలు. దళసరి తొక్క ఉన్న కాయను దగ్గరగా చూస్తే పైన సూదితో పొడిచినట్టు సన్నటి గుంటలు కనిపిస్తాయి కదా, రొమ్ము చర్మం అలా అవుతుంది. చుట్టూ ఉన్న చర్మం నీరు పట్టి ఉబ్బుతుంది, వెంట్రుకల కుదుళ్లు మాత్రం లోపలికి అతుక్కుని ఉండటంతో ఉబ్బలేక గుంటల్లా మిగులుతాయి. మామూలు వెలుతురులో తెలియకపోతే కిటికీ పక్కన నిలబడి, వెలుగు ఒక పక్క నుంచి పడేలా చూసుకోండి.

ఎరుపు విషయంలో జాగ్రత్త అవసరం. పుస్తకాల్లోని ఫొటోలు చాలావరకు తెల్లవాళ్లవి. చామనఛాయ, నలుపు చర్మం మీద ఎరుపు ఎరుపుగా కనిపించదు. కమిలినట్టుగా, ఊదారంగులో, లేదా చుట్టూ ఉన్న చర్మం కంటే కొంచెం ముదురుగా మాత్రమే తెలుస్తుంది. 'ఎర్రగా లేదు కాబట్టి అది కాదు' అనుకోవద్దు. మనవాళ్లలో రంగు కంటే ఇతర గుర్తులను ఎక్కువ నమ్మాలి. జాకెట్టు ఒకవైపే బిగుసుకుపోవడం, విప్పాక కుట్టు గీతల అచ్చు చర్మం మీద చాలాసేపు ఉండిపోవడం, అరచేయి వెనకభాగం ఆనిస్తే ఒక రొమ్ము రెండోదాని కంటే వెచ్చగా ఉండటం, చర్మాన్ని రెండు వేళ్లతో పట్టి చూస్తే ఇటువైపు దళసరిగా రావడం. ఇంతకుముందు బయటికున్న చనుమొన లోపలికి పోవడం, పక్కకు తిరగడం. చంకలోనో, మెడ కింద కాలరు ఎముక పైనో బిళ్ల కట్టడం. నొప్పి కొందరికి ఉంటుంది, కొందరికి దురద, మంట మాత్రమే. నొప్పి ఉంటే కేన్సర్ కాదన్న నమ్మకం మన దగ్గర బలంగా ఉంది, ఈ రకం విషయంలో అది ప్రమాదకరం.

2011లో అంతర్జాతీయ నిపుణులు కలిసి ప్రకటించిన ప్రమాణాల ప్రకారం, ఐబీసీ అనడానికి ఈ మార్పులు త్వరగా వచ్చి ఉండాలి, మొదలై 6 నెలలు దాటి ఉండకూడదు, ఎరుపు రొమ్ములో కనీసం మూడో వంతుకు పాకి ఉండాలి, బయాప్సీలో, అంటే చిన్న ముక్క తీసి చేసే పరీక్షలో, కేన్సర్ రుజువు కావాలి. ఏడాది రెండేళ్లుగా ఉన్న గడ్డను పట్టించుకోక, అది పెరిగి పెరిగి చర్మానికి అంటుకుని ఎర్రబడితే అది వేరు. అదీ ముదిరిన కేన్సరే, కానీ ఐబీసీ కాదు. అందుకే ఏది ముందు వచ్చింది, ఎప్పుడు మొదలైంది అన్నది డాక్టరుకు సరిగ్గా చెప్పాలి. తేదీ గుర్తులేకపోతే వినాయక చవితికి ముందా తరువాతా, కోతలప్పుడా అని గుర్తు తెచ్చుకుని చెప్పినా సరే, పనికొస్తుంది. ఇంకో మాట, మూడో వంతు అన్నది పేరు ఖాయం చేసుకోవడానికి డాక్టర్లు పెట్టుకున్న కొలత. అంత పాకేదాకా ఆగమని దాని అర్థం కాదు.

పాల వాపుకూ దీనికీ తేడా

మాస్టైటిస్, అంటే పాలిచ్చే తల్లులకు వచ్చే రొమ్ము ఇన్‌ఫెక్షన్, ఎక్కువగా కాన్పైన మొదటి కొన్ని వారాల్లో వస్తుంది. చలి, జ్వరం, ఒళ్లునొప్పులు తోడుంటాయి. రొమ్ములో ఒక ముక్క మేర మాత్రమే ఎర్రబడి, ముట్టుకుంటే భరించలేనంత నొప్పి పెడుతుంది. రక్తపరీక్షలో తెల్లకణాలు సాధారణంగా పెరుగుతాయి. పాలు తీసేస్తూ, సరైన యాంటీబయాటిక్ వాడితే రెండు మూడు రోజుల్లో తగ్గుముఖం కనిపించాలి, వారం పది రోజుల్లో దాదాపు మామూలైపోవాలి. ఐబీసీలో సాధారణంగా జ్వరం ఉండదు, తెల్లకణాలు పెరగవు, వాపు ఒక మూలన ఆగకుండా రొమ్మంతా పాకుతుంది.

నలభై, యాభై ఏళ్ల మనిషికి, ఏళ్ల క్రితమే పాలు మానిపించిన మనిషికి 'పాలు గడ్డకట్టాయి' అంటే ఆ మాటను అక్కడికక్కడే ప్రశ్నించాలి. పాలిచ్చే వయసు దాటాక కూడా రొమ్ము ఇన్‌ఫెక్షన్లు రావచ్చు. అయితే అప్పుడు అనుమానపు బరువు కేన్సర్ వైపే ఉండాలి. మరోవైపు, పాలిస్తున్నంత మాత్రాన ఐబీసీ రాదని కూడా లేదు. బాలింతల్లో రోగనిర్ధారణ బాగా ఆలస్యమవడానికి కారణం, అన్నిటికీ పాలనే సాకు చూపించే వీలుండటం.

మన దేశంలో ఇంకో రెండు జబ్బులు కూడా ఇలాగే కనిపించి తికమక పెడతాయి. ఒకటి రొమ్ము క్షయ. రెండోది గ్రాన్యులోమాటస్ మాస్టైటిస్, కాన్పైన కొన్నేళ్లలోపు యువతుల్లో ఎక్కువగా కనిపించే, కేన్సర్ కాని దీర్ఘకాలపు వాపు. ఈ రెండింటినీ కేన్సర్ నుంచి వేరు చేసేది కూడా బయాప్సీయే. పరీక్ష లేకుండా క్షయ మందులు మొదలుపెట్టి 'రెండు నెలలు చూద్దాం' అనడం మరో పెద్ద ఆలస్యానికి దారి.

పెన్ను గీత, పది రోజుల లెక్క

మందు మొదలుపెట్టిన రోజే ఎర్రబడిన చోటు అంచు వెంట బాల్‌పెన్నుతో గీత గీయండి. తేదీ రాసుకోండి. రోజూ ఒకే వేళకు, ఒకే కిటికీ వెలుతురులో ఫోనుతో ఫొటో తీసుకోండి. స్నానానికి గీత చెరిగితే అదే చోట మళ్లీ దిద్దండి. మూడో రోజుకు అంచు గీత లోపలికి జరగాలి. గీత దాటి బయటికి పాకితే పది రోజులు ఆగాల్సిన పని కూడా లేదు, అప్పుడే స్కానింగుకు వెళ్లాలి. ఏడు నుంచి పది రోజులకు పూర్తిగా తగ్గకపోతే తరువాతి అడుగు అల్ట్రాసౌండ్, బయాప్సీ.

'కొంచెం తగ్గింది' అన్న మాటే చాలామందిని ముంచుతుంది. యాంటీబయాటిక్‌తో పాటు డైక్లోఫినాక్ లాంటి నొప్పి మాత్రలు దాదాపు ఎప్పుడూ ఉంటాయి, కొన్నిచోట్ల డెక్సామెథసోన్ ఇంజెక్షను కూడా కలుపుతారు. ఇవి వాపును, నొప్పిని తాత్కాలికంగా దించగలవు. పైగా ఐబీసీ ఎరుపు ఒక్కోసారి తనంతట తనే కొన్నాళ్లు పలచబడి మళ్లీ ముదురుతుంది. మందు పనిచేస్తోందన్న భ్రమ అలా పుడుతుంది. కొంచెం తగ్గడం లెక్కలోకి రాదు. చర్మం పూర్తిగా మెత్తబడి, గుంటలు పోయి, రెండు రొమ్ములూ ఒకేలా అయితేనే తగ్గినట్టు.

కోయడం గురించి కూడా చెప్పాలి. చీము ఉందో లేదో అల్ట్రాసౌండ్‌లో కనబడుతుంది. ఉంటే సూదితో లాగి, కల్చర్ పరీక్షకు పంపవచ్చు. స్కానింగు చేయకుండా కత్తి పెట్టించుకోవద్దు. ఐబీసీ ఉన్న రొమ్మును చీముగడ్డ అనుకుని కోస్తే చీము రాదు, రక్తం వస్తుంది. ఆ గాయం మానదు, కీమో మొదలుపెట్టడానికి అదొక అడ్డంకి అవుతుంది. నిజంగా చీమే వచ్చినా, గడ్డ గోడ నుంచి ఒక చిన్న ముక్క తీసి బయాప్సీకి పంపమని అడగండి.

పరీక్షల్లో జరిగే పొరపాట్లు

రెండు రొమ్ములకూ మామోగ్రామ్, రెండు రొమ్ములకూ చంకలకూ అల్ట్రాసౌండ్. రిపోర్టులో గడ్డ లేదని రాసినా, 'చర్మం దళసరిగా ఉంది', 'చంకలో బిళ్లలు పెరిగాయి' అన్న మాటలు ఉన్నాయేమో వెతకండి. ఆ రెండు మాటలే ఇక్కడ ముఖ్యం. అవి ఉండి, చివర్లో 'మాస్టైటిస్ కావచ్చు' అని ఉంటే అది అభిప్రాయమే తప్ప నిర్ధారణ కాదు. అనుమానం తీరకపోతే ఎంఆర్ఐ ఎక్కువ చూపిస్తుంది.

నిర్ధారణ ముక్క పరీక్షతోనే. ఎఫ్ఎన్ఏసీ, అంటే సన్న సూదితో నీరు, కణాలు లాగి చూడటం, ఇక్కడ చాలదు. అందులో కణాలు విడివిడిగా వస్తాయి, కేన్సర్ కణజాలంలోకి ఎంత చొచ్చుకుపోయిందో తెలియదు. ట్రూకట్ బయాప్సీ కావాలి. మత్తు ఇంజెక్షనిచ్చి, స్కానింగులో చూస్తూ, లావు సూదితో సన్నటి పోగుల్లాంటి ముక్కలు కొన్ని తీస్తారు. దాంతోపాటు చర్మం బాగా ఎర్రగా ఉన్న చోట చిన్న గుండ్రటి పంచ్ బయాప్సీలు, వీలైతే రెండు చోట్ల. చర్మపు ముక్కలో నాళాలకు అడ్డం పడిన కేన్సర్ ముద్దలు కనబడితే అనుమానం తీరిపోతుంది. అవి అందరిలోనూ దొరకవు. కాబట్టి 'చర్మంలో కేన్సర్ కణాలు లేవు' అన్న ఒక్క వాక్యంతో ఐబీసీ లేదని తేల్చకూడదు. సూది గుచ్చితే కేన్సర్ ఒళ్లంతా పాకుతుందన్న భయం మన ఊళ్లలో చాలామందిని బయాప్సీ గుమ్మం నుంచే వెనక్కి పంపిస్తోంది. ఆ భయానికి ఆధారం లేదు.

ముక్క తీశాక ఏమవుతుందో ఎవరూ పట్టించుకోరు, అసలు నష్టం ఒక్కోసారి అక్కడే జరుగుతుంది. ఆ ముక్క గంటలోపే 10 శాతం న్యూట్రల్ బఫర్డ్ ఫార్మలిన్‌లో పడాలి. ముక్క కంటే ద్రవం కనీసం పది రెట్లు ఉండాలి. అందులో 6 గంటలకు తగ్గకుండా, 72 గంటలకు మించకుండా నానాలి. సెలైన్‌లోనో, పొడి సీసాలోనో వేసి నెల్లూరుకో ఒంగోలుకో బస్సులో పంపితే ముక్క పాడవుతుంది. సీసా మీద పేరు, ఏ వైపు రొమ్ము, తీసిన తేదీ, వేళ రాసి ఉన్నాయో లేదో ఇంటివాళ్లు ఒకసారి చూడటం మంచిది. ఈ ముక్క మీదే ఈఆర్, పీఆర్ (కేన్సర్ కణాలు హార్మోన్లకు స్పందిస్తాయో లేదో చెప్పేవి), హెర్2 (కేన్సర్‌ను వేగంగా పెంచే ఒక ప్రోటీన్) అనే మూడు పరీక్షలు చేయాలి. ముక్క పాడైతే ఈ ఫలితాలు తారుమారవుతాయి, ఏ మందు ఇవ్వాలన్నది వాటి మీదే ఆధారపడి ఉంటుంది. హెర్2 ఫలితం '2 ప్లస్' అని వస్తే తేలలేదని అర్థం, ఫిష్ అనే మరో పరీక్ష చేయించాలి.

కేన్సర్ అని తేలాక అది ఎంతవరకు పాకిందో చూడటానికి ఛాతీ, పొట్ట సీటీ, ఎముకల స్కాన్, లేదా వాటి బదులు పెట్ సీటీ. ఐబీసీని కనుగొన్నప్పుడే కనీసం మూడో దశ కింద లెక్కిస్తారు. దాదాపు ముగ్గురిలో ఒకరికి అప్పటికే ఇతర అవయవాలకు పాకి ఉంటుంది. అమెరికా లెక్కల్లో ఐదేళ్లు బతికేవాళ్లు సుమారు 40 శాతం. ఇతర అవయవాలకు పాకకముందే పట్టుకున్నవాళ్లలో ఆ సంఖ్య 50 దాటుతుంది. పాకాక 20లోపు. ముందు చెప్పిన వారాల విలువ ఇదే.

వైద్యం వరుస మారకూడదు

'ముందు ఆపరేషన్ చేసి తీసేద్దాం' అని ఎవరైనా అంటే వెంటనే ఒప్పుకోవద్దు. చర్మం నాళాల్లో పరుచుకున్న జబ్బును కత్తితో అంచు దొరకబుచ్చుకుని తీయడం సాధ్యం కాదు. కోసిన అంచులోనే కేన్సర్ మిగిలి, ఛాతీ గోడ మీద త్వరగానే మళ్లీ మొలవవచ్చు. వరుస ఇది: మొదట కీమోథెరపీ, తరువాత ఆపరేషన్, ఆ తరువాత రేడియేషన్.

కీమో సాధారణంగా నాలుగు నుంచి ఆరు నెలలు. ఆంత్రాసైక్లిన్ రకం మందు, టాక్సేన్ రకం మందు రెండూ ఇస్తారు. మొదలుపెట్టే ముందు గుండెకు టూడీ ఎకో తప్పనిసరి. హెర్2 పాజిటివ్ అయితే ట్రాస్టుజుమాబ్ అనే మందు తోడవుతుంది, మొత్తం ఏడాది పాటు. 2014 నుంచి మన దేశంలో తయారైనది దొరుకుతోంది, ధర మునుపటి కంటే తగ్గింది. కీమో పనిచేస్తే ఎరుపు, వాపు పోయి రొమ్ము మామూలుగా కనిపిస్తుంది. చాలామంది ఇక్కడే వైద్యం మానేస్తారు, 'తగ్గిపోయింది కదా, ఆపరేషన్ ఎందుకు' అని. కంటికి కనబడని కణాలు చర్మంలో ఉండిపోతాయి, మానేస్తే తిరిగి వస్తాయి.

ఆపరేషన్‌లో రొమ్ము మొత్తాన్ని, చంకలోని బిళ్లలతో సహా తీస్తారు. గడ్డ మేరకే తీసి రొమ్మును మిగిల్చే పద్ధతి ఇక్కడ పనికిరాదు. మామూలు రొమ్ము కేన్సర్‌లో చంకలో ఒకటి రెండు బిళ్లలే తీసి పరీక్షించే సెంటినెల్ పద్ధతిని కూడా ఇందులో నమ్మరు, ఎందుకంటే నాళాలే పూడిపోయి ఉన్నాయి. తరువాత రేడియేషన్, సాధారణంగా ఐదారు వారాలు, వారానికి ఐదు రోజులు. మార్కాపురం, గిద్దలూరు వైపు నుంచి వచ్చేవాళ్లు ఎక్కువగా చేయి వదిలేసేది ఈ మూడో మెట్టునే. రోజూ బస్సెక్కి పోయిరాగలిగిన దూరం కాదు, ఇల్లు వదిలి నెలకు పైగా ఉండాలి. మొదటి కీమో రోజునే రేడియేషన్ ఎక్కడ, బస ఎక్కడ, తోడు ఎవరు అన్నది మాట్లాడుకుంటే ఆ మెట్టు దగ్గర ఆగిపోరు. ఈఆర్ లేదా పీఆర్ పాజిటివ్ అయితే ఆపైన ఐదు నుంచి పదేళ్లు హార్మోను మాత్రలు.

నెల్లూరు వైపు వాళ్లు అలవాటుగా చెన్నై రైలెక్కుతారు. అడయార్ కేన్సర్ ఇన్‌స్టిట్యూట్ 1954 నుంచీ ఉంది. నెల్లూరులోనే రెడ్‌క్రాస్ కేన్సర్ ఆసుపత్రి ఉంది. వైద్యానికి తిరుపతి కూడా వాళ్లకు దగ్గరే. ఒంగోలు వైపు వాళ్లకు గుంటూరు ప్రభుత్వ ఆసుపత్రిలో నాట్కో కేన్సర్ విభాగం, ఇంకా దూరమైతే హైదరాబాదులో ఎంఎన్‌జే కేన్సర్ ఆసుపత్రి. రాష్ట్ర ప్రభుత్వ పథకం ఎన్టీఆర్ వైద్య సేవ కింద కీమో, ఆపరేషన్, రేడియేషన్ మూడూ వస్తాయి. రాష్ట్రం దాటి వెళ్లేముందు ఆ ఆసుపత్రి జాబితాలో ఉందో లేదో, స్కాన్లలో ఏది ప్యాకేజీలో వస్తుందో 104కు ఫోన్ చేసి అడగండి. మూడు మెట్లూ ఒకేచోట జరిగేలా చూసుకుంటే మంచిది, చోటు మారినప్పుడల్లా కొన్ని వారాలు పోతాయి.

ఆశా కార్యకర్తలకు, ఏఎన్ఎంలకు ఒక మాట. ముప్పై దాటిన వాళ్లకు జబ్బుల ముప్పు తెలుసుకోవడానికి మీరు నింపే సీబ్యాక్ ఫారంలో రొమ్ములో గడ్డ, చనుమొన నుంచి రక్తం, రొమ్ము ఆకారంలో పరిమాణంలో మార్పు అని అడుగుతారు. ఈ జబ్బు దొరికేది ఆ మూడో ప్రశ్న దగ్గరే, ఇంటింటికీ తిరిగే హడావిడిలో సులువుగా జారిపోయేదీ అదే. 'జాకెట్టు ఒకవైపు బిగుతయ్యిందా అక్కా, చర్మం నిమ్మతొక్కలా అనిపిస్తోందా' అని అడిగితే ఆమెకు వెంటనే అర్థమవుతుంది.

ఊరు మారి వైద్యానికి వెళ్లేటప్పుడు రిపోర్టు కాగితాలు మాత్రమే పట్టుకుపోతే అక్కడ మళ్లీ బయాప్సీ చేస్తామంటారు, ఇంకో రెండు వారాలు పోతాయి. ముక్కను మైనంలో పోసి నిలవ చేసిన పారాఫిన్ బ్లాకులు, గాజు స్లైడ్లు ల్యాబులో అడిగి తీసుకోండి. సంతకం పెట్టించుకుని ఇస్తారు. వాటిని గుడ్డలో చుట్టి, ఎండ తగలని సంచిలో పెట్టుకోండి, మైనం కరుగుతుంది కాబట్టి కారు డాష్‌బోర్డు మీద పెట్టవద్దు. స్కాన్ సీడీలు, పెన్ను గీతతో తీసిన ఆ ఫొటోలు, వాడిన మందుల చీటీలు తేదీల వరుసలో ఒక ఫైలులో వెంట ఉంచుకోండి.